వియా బలాల సర్వే: పావుగంట ప్రశ్నలు, ఏడు రోజుల పని

విజయవాడలో పదో తరగతి పాసైన పిల్లాడికి ఎంపీసీనా బైపీసీనా అని సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. ముప్ఫై రెండేళ్లొచ్చి, ఉద్యోగం ఉండి, ఇంటి లోను నడుస్తూ, పొద్దున్నే బండి తీయాలంటే మనసొప్పని మనిషికి మాత్రం చెప్పేవాళ్లు దొరకరు. "జీతం వస్తోందిగా, ఇంకేం కావాలి?" అనేస్తారు. ఆ ఇంకేదో ఏమిటో తేల్చుకోవాలనుకునే వాళ్లకు ఉచితంగా దొరికే సాధనాల్లో బాగా నలిగినది వియా బలాల సర్వే, అంటే మన మంచి గుణాల్లో ఏవి ముందుంటాయో ప్రశ్నలతో తేల్చేది. అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఉన్న వియా ఇన్‌స్టిట్యూట్ ఆన్ క్యారెక్టర్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతోంది. బెజవాడలోనో గుంటూరులోనో కూర్చుని ఫోన్‌లో చేసుకునే మనిషికి ఇది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాం. సమీక్షిస్తున్నది ఇంగ్లీషు రూపాన్ని.

మార్కులు ముందే చెప్పేస్తే, సర్వేకు ఐదుకు నాలుగు. దాని వెంట అమ్మే రిపోర్టులకు రెండున్నర. సర్వేకు తగ్గించిన ఆ ఒక్క మార్కూ ఫలితాన్ని చూపించే పద్ధతికి. దాని గురించి కింద వివరంగా ఉంది.

దీని వెనకున్న వర్గీకరణను క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2004లో వెలువరించారు. మనిషి గుణాల్లో మంచివని చాలా సంస్కృతులు ఒప్పుకునే వాటిని ఏరి, 24 బలాలుగా, 6 గుంపులుగా పేర్చారు. తెలుగులో చెప్పుకుంటే ఇలా వస్తాయి. వివేకం గుంపులో సృజన, కుతూహలం, విచక్షణ, నేర్చుకోవాలన్న తపన, లోతుచూపు. ధైర్యం గుంపులో తెగువ, పట్టుదల, నిజాయితీ, హుషారు. మానవీయతలో ప్రేమ, దయ, ఎదుటివాళ్ల మనసు చదవడం. న్యాయం కింద నలుగురితో కలిసి పనిచేయడం, న్యాయబుద్ధి, నాయకత్వం. నిగ్రహం కింద క్షమ, అణకువ, ముందుచూపు, తనను తాను అదుపులో పెట్టుకోవడం. చివరి గుంపు మనకంటే పెద్దదానితో ముడిపడేది: అందాన్నీ గొప్ప పనితనాన్నీ గుర్తించి మురిసిపోవడం, కృతజ్ఞత, ఆశ, హాస్యం, ఆధ్యాత్మికత. ఈ పేరా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత రెండుసార్లు అవసరపడుతుంది.

బలం అంటే నైపుణ్యం అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. టాలీ రావడం నైపుణ్యం. ఆటోనగర్‌లో లేత్ మీద షాఫ్టు కొలత తప్పకుండా తిప్పడం నైపుణ్యం. ఆ లేత్ దగ్గరే ఒకడు కొత్త జిగ్ (ముక్కను కదలకుండా పట్టే అమరిక) ఎలా కట్టొచ్చా అని ఆలోచిస్తాడు, ఇంకొకడు కుర్రాళ్లకు పని నేర్పుతూ పొద్దుపుచ్చుతాడు, మూడోవాడు కొలత కుదిరేదాకా టీకి కూడా లేవడు. సర్వే పట్టుకోవాలని చూసేది ఈ తేడాను.

ప్రశ్నలకు జవాబిచ్చేటప్పుడు

పేరు, ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరవాలి. ఉచిత సర్వేలో ఇప్పుడు 96 వాక్యాలున్నాయి. ఒక్కోదానికి "అచ్చం నాలాగే" నుంచి "అసలు నాలా కాదు" దాకా 5 జవాబుల్లో ఒకటి నొక్కాలి. ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్లకు 10 నుంచి 15 నిమిషాలు, ఆగి అర్థం చేసుకుంటూ వెళ్లేవాళ్లకు పాతిక నిమిషాలు పడుతుంది. 18 నిండనివాళ్లకు వేరే ఫారం ఉంది, ఇంటర్ పిల్లల చేత పెద్దల ఫారం చేయించకండి.

చేసే వేళ మీద ఫలితం కొంత ఆధారపడుతుంది. నెలాఖరు క్లోజింగ్ రోజు, మేనేజరుతో మాటపడిన సాయంత్రం, జ్వరం తగ్గిన మర్నాడు వద్దు. సెలవురోజు ఉదయం, టిఫిన్ అయ్యాక, ఒంటరిగా కూర్చోండి. ఒంటరిగా అన్నది ముఖ్యం. పక్కన భార్యో భర్తో కూర్చుని చూస్తుంటే "క్షమించేస్తాను" అన్న వాక్యం దగ్గర వేలు తనంతట తానే పైకి జరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది వేరే ఉంది. మన ఇళ్లలో మంచి పిల్ల, మంచి పిల్లాడు ఎలా ఉండాలో చిన్నప్పుడే నూరిపోస్తారు. దయగా ఉంటారా అని అడిగితే ఉండనని ఎవరంటారు? కాబట్టి దయ, కృతజ్ఞత, నిజాయితీ పైకి వచ్చేస్తాయి. ఇంకోవైపు ఆత్మస్తుతి తప్పన్న పెంపకం వల్ల నాయకత్వం, తెగువ, సృజన దగ్గర చేయి వెనక్కి లాగుతుంది. పదిమందిని నడిపిస్తున్న మనిషి కూడా "ఆ, మనదేముంది" అని మధ్య బటన్ నొక్కేస్తాడు. రెండూ కలిస్తే వచ్చేది పెద్దలు మెచ్చే మనిషి జాబితా. అసలు మనిషి అందులో కనపడడు.

దీనికి విరుగుడు ఒకటుంది. ప్రతి వాక్యం దగ్గర "గత పదిహేను రోజుల్లో ఇలా ఎప్పుడు చేశాను?" అని అడగండి. ఎక్కడ, ఎవరితో అన్నదానితో సహా ఒక్క సంఘటన వెంటనే గుర్తొస్తే పై జవాబు. తడుముకుంటే ఒక మెట్టు కిందిది. ఏదీ గుర్తురాకపోతే ఇంకో మెట్టు. మధ్య బటన్‌ను పొదుపుగా వాడండి. పదింటిలో నాలుగైదుకు మధ్యదే నొక్కితే మార్కులన్నీ ఒకచోట ముద్దకట్టి, ఏది పైన ఏది కింద అన్నది చీట్లు తీసినట్టే తయారవుతుంది.

రెండో ఇబ్బంది మాటలది. ఇంగ్లీషు మీడియం చదివినవాళ్లు కూడా కొన్ని పదాల దగ్గర పొరబడతారు, ఎందుకంటే ఆ పదాలు మన దగ్గర ఇంకో అర్థంతో తిరుగుతున్నాయి. జడ్జిమెంట్ అంటే ఎదుటివాళ్ల మీద తీర్పు చెప్పడం కాదు, విచక్షణ. వాట్సాప్‌లో వచ్చిన మాటను రెండోవైపు కూడా చూసి, ఆధారం మారితే అభిప్రాయం మార్చుకునే గుణం. పర్‌స్పెక్టివ్‌కు, అంటే పైన లోతుచూపు అన్నదానికి, మన పెద్దరికం అన్న మాట దగ్గరగా వస్తుంది. ఆస్తి తగాదా వచ్చినా పెళ్లి సంబంధం వచ్చినా నలుగురూ మీ దగ్గరికే వచ్చి అడుగుతారా అన్నది ప్రశ్న, వయసుతో పనిలేదు. బ్రేవరీ అనగానే సెంటర్లో గొడవకు దిగడం గుర్తొస్తుంది. మీటింగులో అందరూ తలూపుతున్నప్పుడు "సార్, ఈ తేదీకి అవదండీ" అని ఒక్కడే అనగలగడం కూడా బ్రేవరీయే. లవ్‌లో ప్రేమించడంతో పాటు ప్రేమను తీసుకోవడమూ ఉంది. ఇంటిల్లిపాదికీ చేసిపెట్టి, తనకు ఎవరైనా చేస్తానంటే ఒప్పుకోని మనిషికి ఇది దయ అంత పైకి రాకపోవచ్చు. హోప్ అంటే అంతా మంచే జరుగుతుందని కూర్చోవడం ఎంతమాత్రం కాదు. రేపు బాగుంటుందని నమ్మి, దానికోసం ఇవాళ ఒక పని చేయడం.

జెస్ట్ అంటే హుషారు. ఇది అట్టడుగుకు పోతే గుణం గురించి ఆలోచించే ముందు ఒంటి గురించి ఆలోచించండి. నైట్ షిఫ్టులు, నిద్ర లేమి, రక్తహీనత, థైరాయిడ్ తేడా, ఇవన్నీ హుషారును తినేస్తాయి. ఒక రక్తపరీక్షతో తేలేదానికి జీవితం దారి తప్పిందని బెంగపడటం అన్యాయం.

ఆధ్యాత్మికత దగ్గర మాత్రం లోపం సర్వేదే. దైవవిశ్వాసం, జీవితానికి ఒక అర్థం ఉందన్న భావన, ఈ రెండింటినీ ఒకే పేరు కింద కలిపేసింది. ఇంద్రకీలాద్రి ఉన్న ఊరే ఇది. నాస్తికవాది గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం ఉన్నదీ ఈ ఊళ్లోనే. దేవుణ్ణి నమ్మకుండా, ఒక ఆశయానికి జీవితం ఇచ్చేసిన మనిషి ఈ సర్వే చేస్తే ఆ బలం కిందికి జారిపోవచ్చు. అలాంటివాళ్లు ఈ ఒక్కదాని స్థానాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఫలితాన్ని చదివేటప్పుడు

చివరి బటన్ నొక్కగానే 24 బలాలూ 1 నుంచి 24 దాకా వరుసగా వస్తాయి. తగ్గించిన ఆ ఒక్క మార్కు ఇక్కడే. కార్పొరేట్ కాలేజీల ఊరు మనది. వీక్లీ టెస్టు ర్యాంకులు నోటీసు బోర్డు మీద చూసుకుంటూ పెరిగిన కళ్లకు వరుస సంఖ్య కనపడగానే చూపు కిందికే పోతుంది. "నాకు నిజాయితీ 19వ ర్యాంకా!" అని దిగాలుపడేవాళ్లు చాలామంది. 24వది ఫెయిలైన సబ్జెక్టు కాదు. ఈ సర్వే బలహీనతలను కొలవదని ఆ సంస్థే చెబుతోంది. కింద ఉన్నవి మీలో లేనివి కాదు, మిగతావాటితో పోలిస్తే తక్కువగా బయటికి వచ్చేవి.

ఉచిత ఫలితంలో వరుస ఒక్కటే ఇస్తారు, ఏ బలానికి ఎంత వచ్చిందో చెప్పరు. అందువల్ల 5కూ 9కీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉందో, చాలా తేడా ఉందో తెలియదు. ఈ చిక్కు తప్పించుకోవాలంటే అంకెలు వదిలేసి మూడు కట్టలుగా చూడండి. పై ఆరేడు ఒక కట్ట, కింది నాలుగైదు ఒక కట్ట, మధ్యవి ఒక కట్ట. మధ్య కట్టలో వరుసకు విలువ ఇవ్వకండి, రెండు నెలల తర్వాత మళ్లీ చేస్తే అవి అటూ ఇటూ అవుతాయి.

ఇద్దరి జాబితాలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకో పొరపాటు. భార్యాభర్తలు తప్పకుండా చేస్తారు. మార్కుల కాగితంతో చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక పిల్లకు అన్నిటికంటే తక్కువ వచ్చిన సబ్జెక్టు తెలుగు, అందులో 90. ఇంకొక పిల్లాడికి అన్నిటికంటే ఎక్కువ వచ్చింది తెలుగు, అందులో 70. వరుసలో చూస్తే పిల్లకు తెలుగు ఆఖరిది, పిల్లాడికి మొదటిది. తెలుగు ఎవరికి ఎక్కువ వచ్చు? వియా ఇచ్చేది ఇలాంటి వరుసే, మీలో మీకు పోలిక. ఆఫీసుల్లో ట్రైనింగు పేరుతో అందరి జాబితాలూ గోడకు అంటించడం, ఎవరికి ఏ సీటో దాన్నిబట్టి తేల్చడం ఈ కారణం చేతే తప్పు. పైగా మన గురించి మనమే చెప్పే జవాబులు ఇవి. ప్రమోషన్ దీనిమీద ఆధారపడిందని తెలిస్తే ఎవరైనా నాయకత్వం పైకి తెచ్చుకోగలరు.

జాబితా చేతికొచ్చాక ఒక్క తనిఖీ చేయాలి. ముందు రాసుకున్న 24 పేర్ల కాగితాన్ని ముగ్గురికి ఇవ్వండి. ఇంట్లో ఒకరు, పనిలో ఒకరు, పాత స్నేహితుల్లో ఒకరు. మీ ఫలితం చూపించకుండా "ఇందులో నాలో గట్టిగా కనపడేవి ఐదు టిక్కు పెట్టండి" అనండి. మీ పై కట్టలో ఉండి, ఇద్దరైనా టిక్కు పెట్టినవి ఖాయం. ముగ్గురూ టిక్కు పెట్టినా మీ జాబితాలో కింద ఉన్నదాన్ని ఇంకోసారి చూడండి, అణకువతో మీరే తొక్కిపెట్టి ఉండొచ్చు. మీకు పైన వచ్చి ఒక్కరూ టిక్కు పెట్టకపోతే, పెద్దలు మెచ్చే జవాబు అక్కడ దూరిందేమో చూసుకోవాలి. ఇలా నిలిచినవాటిలో ఎవరూ అడగకపోయినా మీరు చేసేసేవి, చేశాక అలసట బదులు ఉత్సాహం వచ్చేవి, అవి లేకపోతే "నేను నేను కాను" అనిపించేవి మూడు నాలుగుంటాయి. అవే మీ ముఖ్యబలాలు, అసలు పని వాటితోనే.

ఏడు రోజులు

చాలామంది ఇక్కడిదాకా వచ్చి స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టి ఆగిపోతారు. జాబితా చూసుకోవడం వల్ల వచ్చే సంతోషం రెండురోజులకే ఆవిరైపోతుంది. సెలిగ్‌మన్, స్టీన్, పార్క్, పీటర్సన్ 2005లో ప్రచురించిన పరిశోధనలో ఇంటర్నెట్ ద్వారా 577 మందిని చేర్చుకున్నారు. చివరిదాకా నిలిచినవాళ్లు 411 మంది. ఒక గుంపుకు వచ్చిన అభ్యాసం: తమ ముఖ్యబలాల్లో ఒకదాన్ని వారం పాటు రోజూ ఒక కొత్త విధంగా వాడటం. వాళ్లలో సంతోషం పెరగడం, దిగులు లక్షణాలు తగ్గడం ఆరు నెలల దాకా కనిపించింది. ముఖ్యబలాలను ఊరికే గుర్తించి, మామూలుగా ఇంకాస్త ఎక్కువ వాడమని చెప్పిన గుంపులో ఆ ఫలితం నిలవలేదు. కాబట్టి కీలకం "కొత్త విధంగా" అన్న రెండు మాటల్లో ఉంది.

కొత్త విధం అంటే ఎంత చిన్నదో చూపించడానికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాను ఊహించుకుందాం. తనిఖీ అయ్యాక నిలిచినవి న్యాయబుద్ధి, కుతూహలం, ఎదుటివాళ్ల మనసు చదవడం. పని రోజూ ఒకటే: టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగడం, శాంపిల్ తీయడం, వేలం, కాటా, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) రాయడం. ఇందులో కొత్తగా ఏముంటుంది?

మొదటిరోజు న్యాయబుద్ధి తీసుకున్నాడనుకోండి. ఎప్పుడూ లెక్క సరిగానే రాస్తాడు, అది పాతదే, లెక్కలోకి రాదు. ఇవాళ ఒక్క రైతుకు తక్‌పట్టీ చేతికిచ్చే ముందు అందులోని ప్రతి కోతనూ వేలుపెట్టి చదివి వినిపిస్తాడు. ఖర్చు మూడు నిమిషాలు. రెండోరోజు కుతూహలం: ఒకే తేజ రకం, పక్కపక్కనే ఉన్న రెండు లాట్లకు ధర ఎందుకు తేడా వచ్చిందో కొన్న వ్యాపారినే అడుగుతాడు. తేమా, తాలు (తెల్లబారిన నాసిరకం) కాయలా, రంగా? జవాబు పుస్తకంలో ఒక ముక్క రాసుకుంటాడు. మూడోరోజు మనసు చదవడం: ధర విన్నాక మాట్లాడకుండా గోనెసంచి మీద కూర్చుండిపోయిన రైతు పక్కన కూర్చుని, లెక్క ఎత్తకుండా, "ఏ ఊరు పెద్దాయనా, పొద్దున ఎన్నింటికి బయల్దేరారు?" అంటాడు. నాలుగోరోజు మళ్లీ న్యాయబుద్ధి, ఈసారి లోపలివాళ్ల విషయంలో: దూరంగా ఉన్న కాటా దగ్గరికి ఎప్పుడూ ఒకే హమాలీని పంపుతున్నారా అని గమనించి, వరస మార్చమని అడుగుతాడు. ఐదోరోజు రెండోరోజు రాసుకున్న ముక్కను ఒక రైతుకు ముందే చెబుతాడు: వచ్చేసారి తాలు ఏరి విడిగా తెస్తే ఈ లాటుకు ఏం తేడా వస్తుందో. ఇక్కడ కుతూహలమూ న్యాయబుద్ధీ రెండూ కలిశాయి, అదే మంచి గుర్తు. ఆరోరోజు యార్డు సెలవైతే ఇంట్లో: పిల్లల మధ్య ఫోన్ గొడవలో తీర్పు తాను చెప్పకుండా, వాళ్లచేతే నియమం రాయిస్తాడు. ఏడోరోజు రాసుకున్నది చదువుకుంటాడు.

రాసుకోవడం ఇలా. రోజుకు ఒక్క వరుస: ఏం చేశాను, ఎన్ని నిమిషాలు, చేయక ముందు మనసు పదికి ఎంత, చేశాక ఎంత. అంతకుమించి రాయబోతే నాలుగోరోజుకు పుస్తకం మూలన పడుతుంది.

ఈ వారం ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. మొట్టమొదట, పని పెద్దదైపోవడం వల్ల. సృజన పైకొచ్చిందని యూట్యూబ్ ఛానల్ మొదలుపెడితే అది వారం పని కాదు, మూడోరోజుకే చేతులెత్తేస్తారు. ఐదు నిమిషాలు దాటేది ఎంచుకోవద్దు. తర్వాతిది, కాలం చూసుకోకపోవడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డును సరుకు ముంచెత్తే రోజుల్లో గుమస్తాకు, మార్చి ఆఖర్లో బ్యాంకు ఉద్యోగికి, పరీక్షలప్పుడు లెక్చరర్‌కు ఇది సాగదు. అంతకంటే పెద్ద తప్పు, బలాన్ని ఎదుటివాళ్ల నెత్తిన రుద్దడం.

మోతాదు మించితే

ఉద్యోగంలో విసుగు చాలాసార్లు బలం లేక రాదు, ఉన్న బలం మోతాదు మించి వాడటం వల్ల వస్తుంది. వియా సామగ్రిలో మెచ్చుకోదగిన భాగం ఇదే, ఒక బలం తక్కువైతే ఏమిటి, ఎక్కువైతే ఏమిటి అని చెప్పడం. నిజాయితీ మితిమీరితే మొహాన కొట్టినట్టు మాట్లాడటం అవుతుంది. ముందుచూపు మితిమీరితే రెండేళ్లుగా రాజీనామా పత్రం డ్రాఫ్టులోనే ఉంటుంది. కుతూహలం హద్దు దాటితే పక్క సీటువాళ్ల జీతం ఆరా తీయడం. దయ మరీ ప్రమాదం. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయిని అనుకోండి. అందరి షిఫ్టులూ తనే సర్దుతుంది, రోగుల బంధువుల తిట్లన్నీ తనే పడుతుంది, ఇంటికొచ్చాక పిల్లాడి మీద విరుచుకుపడుతుంది. ఆమెకు "ఇంకా దయగా ఉండు" అన్న సలహా విషం. పక్కన ఇంకో బలాన్ని ఆనించాలి. న్యాయబుద్ధి ఆనిస్తే "ఈ నెలలో నేను మూడు నైట్లు సర్దాను, ఇప్పుడు మీ వంతు" అన్న మాట వస్తుంది. పై కట్టలోని ప్రతి బలానికీ "ఇది నాకు ఎక్కడ గొడవ తెస్తోంది?" అని ఒక వరుస రాసుకుంటే ఏడు రోజుల పనికి సమానమైన లాభం ఉంటుంది.

ఏ ఉద్యోగం చేయాలో ఇది చెబుతుందా

చెప్పదు. దయ పైకొస్తే నర్సింగు, న్యాయబుద్ధి పైకొస్తే లాయరు అని ఎవరైనా చెబితే నమ్మకండి, అదే బలంతో కిరాణా కొట్టూ నడపొచ్చు. దారి వెతుక్కోవడానికి దీన్ని వాడాలంటే ఇంకో పద్ధతి జతచేయాలి. ఎమీ రెజెస్‌నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో వివరించిన "పనిని మలుచుకోవడం" అన్న ఆలోచన ఇక్కడ అతుకుతుంది. ఒకే ఆసుపత్రిలో శుభ్రం చేసే సిబ్బందిలో కొందరు తమ పనిని తుడవడం వరకే చూస్తే, కొందరు రోగి కోలుకోవడంలో తమకూ భాగం ఉందని చూసి, దానికి తగ్గట్టు పనిని కాస్త పెంచుకున్నారు. ఉద్యోగం పేరు ఒకటే. మారింది మూడు చోట్ల: ఏ పనులు చేస్తున్నాం, ఎవరితో మెలుగుతున్నాం, ఆ పనిని ఏమనుకుంటున్నాం.

ఒక తెల్లకాగితం తీసుకుని ఎడమవైపు వారంలో చేసే పనులన్నీ, వాటి పక్కన గంటలూ రాయండి. "ఆఫీసు పని, 48 గంటలు" అని రాస్తే ఉపయోగం లేదు. "ఫోన్లు ఎత్తడం 9, రిపోర్టు కలపడం 6, కొత్తవాళ్లకు చెప్పడం 2" అన్నంత విడిగా రాయాలి. కుడివైపు, ఆ పనిలో మీ ముఖ్యబలం ఏదైనా పలుకుతుంటే దాని పేరు. రాశాక ఖాళీగా మిగిలిన వరుసలు చూడండి. నేర్చుకోవాలన్న తపన, లోతుచూపు పైకొచ్చిన మనిషికి కొత్తవాళ్లకు చెప్పే 2 గంటలే ప్రాణంగా తోచవచ్చు. ముందు ఆ 2ను 5 చేయమని పైవాళ్లను అడగాలి, మూడు నెలలు చూడాలి. 48 గంటల్లో ముఖ్యబలం పలికేవి పది గంటలు కూడా నిండక, పెంచే దారీ లేకపోతే అప్పుడు మారే ఆలోచన. స్థానబలిమి అని మనవాళ్లు ఊరికే అనలేదు. నీళ్లలో మొసలిని గట్టున పెట్టి దాని బలం తక్కువైందంటే ఎలా?

కానీ ఒక హద్దు ఉంది. జీతం రెండు నెలలు ఆపేసిన చోట, రోజుకు పన్నెండు గంటలు నిలబెట్టే చోట, మర్యాద లేని చోట బలాలు వెతుక్కోమనడం మనిషిని నిందించడమే అవుతుంది. అక్కడ మారాల్సింది పనిచేసే చోటు. ఇంకొకటి, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తప్పి, దేనిమీదా ఆసక్తి లేక, బతకాలన్న ఇష్టమే సన్నగిల్లుతుంటే సర్వేలు పక్కన పెట్టి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

వేరేవాటితో పోలిస్తే

గాలప్ సంస్థ క్లిఫ్టన్‌స్ట్రెంత్స్‌లో 177 జంట వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 20 సెకన్లే టైము, ఫలితం 34 అంశాల వరుస. అది డబ్బు పెట్టి కొనాల్సింది. పనితీరు మీద దృష్టి ఎక్కువ, టీములు నడిపేవాళ్లకు మాటలు బాగా దొరుకుతాయి. ఇంగ్లీషు వేగంగా చదవలేనివాళ్లకు ఆ 20 సెకన్లు చాలవు, జవాబులు దాటిపోతాయి. కంపెనీ కొనిస్తే చేయండి, సొంత డబ్బుతో తొందరపడొద్దు.

ఏ రంగం అన్న ప్రశ్న గట్టిగా ఉన్నవాళ్లకు, ముఖ్యంగా డిగ్రీ పిల్లలకు, వియా కంటే ఓనెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ మేలు. అమెరికా కార్మిక శాఖది, ఉచితం, చిన్న రూపంలో 60 ప్రశ్నలు, ఆసక్తులను ఆరు రకాలుగా చూపిస్తుంది. అది సూచించే ఉద్యోగాలు, జీతాలు మాత్రం అమెరికావి. ఆరు రకాల వరకు తీసుకుని, మన దగ్గర ఆ కోవలో ఏమున్నాయో మీరే రాసుకోవాలి.

పిల్లల వేలిముద్రలు తీసుకుని మెదడు, తెలివి, కెరీర్ చెబుతామనే పరీక్షలు ఇంకో రకం. వాటికి శాస్త్రీయ ఆధారం లేదు. వేలి గీతలు తల్లి కడుపులోనే ఖాయమైపోతాయి, పిల్లాడు ఇంజనీరవుతాడా లేదా అన్నది వాటిలో రాసి ఉండదు. ఆ ఫీజుతో పిల్లాణ్ణి నాలుగైదు రకాల పనిచోట్లకు తీసుకెళ్లి చూపించండి.

వియా అమ్మే రిపోర్టుల విషయానికొస్తే, ముద్రణ అందంగా ఉంటుంది, ఒక్కో బలం గురించి వివరణ, వాడే సూచనలు ఉంటాయి. ఆ సూచనలు ఎక్కడివాళ్లకైనా సరిపోయేలా రాసినవి కావడంతో యార్డుకో రిసెప్షన్‌కో దింపుకునే పని మళ్లీ మీదే. ముగ్గురు పెట్టిన టిక్కులు, గంటల కాగితం, ఏడు వరుసల పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకు అది చెప్పే కొత్త సంగతి తక్కువ. ఇవి పూర్తిచేశాక కూడా ఏదో ఒక బలం అర్థం కాకుండా మిగిలితేనే కొనండి.

మళ్లీ చేయాలంటే కనీసం ఆరు నెలలు ఆగండి. పాత జాబితా చూడకుండా చేసి, చేశాక పక్కన పెట్టండి. రెండుసార్లూ పై కట్టలో నిలిచినవాటిని పుస్తకం మొదటి పేజీలో రాసుకుని, మిగతావి వదిలేయండి.